వార్తలకు మీ ఇంటి ఖర్చెంత? ఇక్కడి లెక్క, అక్కడి లెక్క



ఇన్నాళ్ళూ ఈ పాఠాల్లో ఎక్కువగా రాబడి గురించే మాట్లాడుకున్నాం. జీతం, ఓవర్‌టైమ్, కోతలు. ఈసారి ఖర్చు వైపు ఒక పద్దు తీసుకుందాం. టాంపినీస్‌లో ఆదివారాలు కలిసేవాళ్ళని "వార్తలకు నెలకెంత పెడుతున్నారు?" అని అడిగితే దాదాపు అందరిదీ ఒకే జవాబు. "వార్తలకు డబ్బులేంటండీ, ఫోన్లోనే వస్తాయి కదా!"

ఫోన్లో వస్తాయి, నిజమే. కానీ ఫోన్లో డేటా ఊరికే రాదు. ఊళ్ళో ఇంట్లో టీవీ ఊరికే రాదు. నాన్న పొద్దున్నే అరుగు మీద కూర్చుని చదివే పేపరు కూడా ఊరికే రాదు. ఈ మూడింటికీ డబ్బు వెళ్ళేది మీ జేబులోంచే. విడివిడిగా, చిన్న చిన్న మొత్తాల్లో వెళ్తుంది కాబట్టి లెక్కలోకి రాదు, అంతే. నేను బీకాం చదివినవాణ్ణి. లెక్కలోకి రాని ఖర్చు చూస్తే నాకు నిద్ర పట్టదు. ఒక పెన్ను, పాత క్యాలెండర్ కాగితం వెనకవైపు తీసుకోండి, మొదలుపెడదాం.

ఉదాహరణకు ఒక తమ్ముణ్ణి అనుకుందాం. ఊరు పలాస దగ్గర అనుకోండి, జగిత్యాల దగ్గర అనుకోండి, లెక్క మారదు. ఇక్కడ కన్‌స్ట్రక్షన్ పని, రోజుకు 20 డాలర్లు బేసిక్. ప్రీపెయిడ్ కార్డుకు ఒక్కోసారికి 15 డాలర్లు పెడతాడు, గడువు 28 రోజులు. ఇక్కడ ముందు ఒక చిన్న కిటుకు ఉంది. 28 రోజులంటే నెల కాదు. ఏడాదిలో 365 రోజులు, 28తో భాగిస్తే 13. అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జీలు. 15ని 13తో హెచ్చిస్తే 195 డాలర్లు. పదమూడో రీఛార్జి ఎవరి లెక్కలోనూ ఉండదు, కంపెనీ లెక్కలో మాత్రం ఉంటుంది.

ఇప్పుడు ఊరి లెక్క. ఇంట్లో రెండు ఫోన్లు, భార్యది ఒకటి, నాన్నది ఒకటి. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలన్నీ రేట్లు పెంచాయి. జియోలో రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే 28 రోజుల ప్లాన్ అప్పుడే 239 నుంచి 299 రూపాయలైంది. అదే పట్టుకుందాం. 299ని 13తో హెచ్చిస్తే 3,887. రెండు ఫోన్లకు 7,774. కేబులో, డిష్షో నెలకు 300 అనుకుంటే ఏడాదికి 3,600. పేపరు నెలకు 200 అనుకుంటే 2,400. మొత్తం 13,774 రూపాయలు. డాలరుకు 65 రూపాయల చొప్పున చూస్తే దగ్గర దగ్గర 212 డాలర్లు.

ఇక్కడి 195, అక్కడి 212 కలిపితే 407. ఈ తమ్ముడి బేసిక్‌తో చూస్తే ఇరవై రోజుల కష్టం. ఎండలో కడ్డీలు కట్టిన ఇరవై రోజులు. మధ్యలో డేటా అయిపోయి వేయించుకున్న టాప్-అప్‌లు, క్రికెట్ కోసం కట్టిన యాప్ చందా ఇందులో కలపలేదు. మీ సొంత అంకెలు వేరుగా ఉంటాయి, అవే వేసుకోండి.

ఇదంతా వార్తల ఖర్చేనా, ఇందులో సినిమాలు, వీడియో కాల్సు లేవా అని మీరు అడగొచ్చు. ఉన్నాయి. పిల్ల మొహం చూసుకోవడానికి పెట్టే డబ్బును నేను ఖర్చు అనను. కానీ డేటా, టీవీ, పేపరు మూడూ ఒకే గొట్టంలోంచి వచ్చే నీళ్ళలాంటివి. వార్తకు ఎంత, వినోదానికి ఎంత అని విడదీయలేం. మొత్తం చూసి, ఎక్కడ ఊరికే కారిపోతోందో అక్కడ బిగించాలి.

ముందు ఊరివైపు చూద్దాం, ఎక్కువ కారేది అక్కడే.

నాన్న చేతిలో ఉన్నది బటన్ ఫోనైతే, దానికి డేటా ప్లాన్ వేయించడం డబ్బు దండగ. 2024 వరకు వేరే దారి పెద్దగా ఉండేది కాదు, అన్నిట్లో డేటా కలిపే అమ్మేవాళ్ళు. 2024 డిసెంబరులో ట్రాయ్, అంటే ఇండియాలో టెలికాం మీద పెత్తనం ఉన్న సంస్థ, మాటలకు, మెసేజ్‌లకు మాత్రమే వేరుగా ప్లాన్ అమ్మాలని కంపెనీలకు నిబంధన పెట్టింది. 2025 జనవరి నుంచి అలాంటివి వచ్చాయి. 84 రోజులవి ఉన్నాయి, ఏడాదివి కూడా ఉన్నాయి. షాపువాడు తనంతట తాను చెప్పడు, అడగాలి. "డేటా వద్దు, వాయిస్ ఒక్కటే" అని ఇంట్లోవాళ్ళతో అడిగించండి. అలాగే 28 రోజుల గొడవ గురించి కూడా ట్రాయ్ 2022లోనే చెప్పింది. ప్రతి కంపెనీ కనీసం ఒక ప్లాన్ 30 రోజుల గడువుతో, ఇంకొకటి ప్రతినెలా అదే తేదీకి వేయించుకునేలా ఉంచాలి. ఆ ప్లాన్ ధర చూసి, ఏడాదికి ఎంతవుతుందో హెచ్చించి, అప్పుడు ఎంచుకోండి. ప్లాన్ మీద రాసిన ధర కాదు, ఏడాది ధర చూడాలి.

కేబుల్ విషయానికొస్తే, 2019 ఫిబ్రవరి 1 నుంచి పద్ధతి మారింది. మీరు కోరుకున్న పే చానెళ్ళకే డబ్బు కట్టాలి. కనెక్షన్ కోసం అప్పట్లో పెట్టిన గరిష్ఠం 130 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు. తర్వాత నిబంధనలు మారి, ఆ రేటు ఎంత పెట్టుకోవాలో కేబుల్ వాళ్ళకే వదిలేశారు. కాబట్టి ఇప్పుడు కనెక్షన్‌కు ఎంత, చానెళ్ళకు ఎంత అని విడివిడిగా అడగాలి. చాలా ఇళ్ళల్లో కేబుల్ అబ్బాయి ఏ ప్యాకేజీ పెడితే అదే ఏళ్ళ తరబడి నడుస్తుంటుంది. ఎవరూ చూడని హిందీ స్పోర్ట్స్ చానెల్‌కు మీరు ఇక్కడ టైల్స్ మోసి డబ్బు కడుతుంటారు. ఆ ప్యాకేజీ కాగితం ఫోటో తీసి పంపమనండి.

నెల నెలా ఏమీ కట్టక్కర్లేనిది కూడా ఒకటుంది, దూరదర్శన్ ఫ్రీ డిష్. 2004లో మొదలైంది. డిష్షూ, డబ్బా ఒకసారి కొంటే చాలు. డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి వస్తాయి, వార్తలు వస్తాయి. అమ్మ చూసే సీరియళ్ళు మాత్రం చాలావరకు రావు. ఆ సలహా ఇచ్చి మీ ఇంట్లో యుద్ధం పెట్టించే ఉద్దేశం నాకు లేదు. ఉన్న సంగతి చెప్పాను.

ఇక పేపరు. ఖర్చు తగ్గించాలనగానే అందరి కన్నూ ముందు దీని మీదే పడుతుంది. "అన్నీ ఫోన్లో ఉన్నాయి కదా, పేపరెందుకు?" అంటారు. నా మాట వింటే దీన్ని చివరిదాకా ఆపొద్దు. నెలకు రెండొందలు పెద్ద మొత్తం కాదని కాదు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లకు పేపరు కొనుక్కోమని నెలకు సరిగ్గా ఆ రెండొందలే ఇచ్చింది. అది ఏ పేపరుకు లాభమన్న గొడవ కోర్టులకెక్కింది. ఆ గొడవ మనకొద్దు, పేపరు నెల ఖర్చు ఎంతో తెలిసింది చాలు. నేను పేపరు ఉంచమనేది ఎందుకంటే, అది పొద్దున ఒక్కసారి వచ్చి ఊరుకుంటుంది. చదివాక అయిపోతుంది. నాన్న దగ్గర్నించి పక్కింటాయన, ఆయన దగ్గర్నించి టీకొట్టు, అలా నలుగురు చదువుతారు. ఫోను అలా కాదు. ఒక వార్త కోసం తెరిస్తే గంట పోతుంది, అరజీబీ పోతుంది, చివరికి ఆ వార్త ఏమిటో గుర్తుండదు.

పేపరు కొనలేని ఇళ్ళకు ఒక సంగతి చెప్పాలి. మీ ఊరి ఇంటిపన్ను రసీదు ఎప్పుడైనా పూర్తిగా చదివారా? అందులో గ్రంథాలయ సెస్సు అని ఒక గీత ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం వసూలు చేసేది అది. పన్ను మీద రూపాయికి 8 పైసలు. ఇంటిపన్ను వెయ్యి రూపాయలైతే గ్రంథాలయానికి 80 రూపాయలు మీరు కడుతున్నట్టే. అంటే మండలంలోనో, ఊళ్ళోనో ఉన్న శాఖా గ్రంథాలయంలో బల్ల మీద పరిచి ఉంచే పేపర్లకు మీరు ముందే డబ్బు కట్టేశారు. అక్కడికి వెళ్ళి చదవడం దానం తీసుకోవడం కాదు. పోటీ పరీక్షలకు చదివే మీ చెల్లెలికి, బావమరిదికి ఈ మాట చెప్పండి. గ్రంథాలయం తలుపు తాళం వేసి ఉంటే ఎందుకు తెరవట్లేదని అడిగే హక్కు కూడా ఆ రసీదులోనే ఉంది.

ఊరి సంగతి అయింది. ఇప్పుడు సింగపూర్‌కి వద్దాం.

ఇక్కడ టీవీ పెట్టుకున్న ప్రతి ఇల్లూ ఒకప్పుడు ఏడాదికి 110 డాలర్లు లైసెన్సు కట్టేది. 2011 బడ్జెట్‌లో అది ఎత్తేశారు. ఇప్పుడు ఇక్కడి చానెళ్ళకు డబ్బు లేదు. మీవాచ్ యాప్‌లో కూడా అవి ఊరికే చూడొచ్చు. సీఎన్ఏ వెబ్‌సైటు ఊరికే చదవొచ్చు. తమిళం అర్థమయ్యేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు, వాళ్ళకు ఒలి 96.8 రేడియో ఉంది. తెలుగు కావాలంటే ఆకాశవాణి వాళ్ళ న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఇండియాలోని తెలుగు కేంద్రాలు వినిపిస్తాయి. బీబీసీ తెలుగు వెబ్‌సైటు 2017 నుంచి ఉంది, దానికీ చందా లేదు.

యాప్ ఊరికేనే అయినా డేటా తింటుంది కదా అంటారా? ఎంత తింటుందో చూద్దాం. రేడియో లాగా మాట మాత్రమే వచ్చేది సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున అనుకుంటే గంటకు దాదాపు 29 ఎంబీ. వీడియో ఒక మోస్తరుగా సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున వస్తే గంటకు 450 ఎంబీ. అంటే ఒక గంట వీడియో వార్తల డేటాతో పదిహేను గంటలు రేడియో వినొచ్చు. నెలకు సరిపడా! వార్త వినడానికి యాంకర్ మొహం చూడాల్సిన పని లేదు. వాట్సాప్ సెట్టింగుల్లో స్టోరేజ్ అండ్ డేటా అని ఉంటుంది. అందులో ఫోటోలు, వీడియోలు తమంతట తామే దిగిపోకుండా ఆపేయండి. యూట్యూబ్‌లో ఒకదాని తర్వాత ఒకటి దానంతట అదే ఆడటం ఆపేసి, క్వాలిటీ తగ్గించండి. ఈ రెండు పనులకు ఐదు నిమిషాలు పడుతుంది. టాప్-అప్‌లు చాలామందికి దీంతోనే ఆగిపోతాయి.

వైఫై లేని చోట ఉన్నప్పుడు వైర్‌లెస్ ఎట్ ఎస్‌జీ అన్న పేరు వెతకండి. ఇది 2006 నుంచి ఉన్న ప్రభుత్వ ఉచిత వైఫై. లైబ్రరీలు, కమ్యూనిటీ క్లబ్బులు, చాలా మాల్స్‌లో దొరుకుతుంది. ఫోన్ నంబరుకు వచ్చే కోడ్ కొట్టి లోపలికి వెళ్ళొచ్చు. బ్యాంకు పనులు మాత్రం దాని మీద చేయకండి, సొంత డేటాతోనే చేసుకోండి.

టాంపినీస్‌లో ఉన్నవాళ్ళకు ఇంకో సౌకర్యం ఉంది. టాంపినీస్ రీజినల్ లైబ్రరీ 1994లో మొదలైంది, 2017 నుంచి అవర్ టాంపినీస్ హబ్‌లో ఉంది. ఎంఆర్‌టీ స్టేషన్ నుంచి నడిచి వెళ్ళే దూరమే. దాని ముందు నుంచి ప్రతి ఆదివారం నడిచి వెళ్ళేవాళ్ళను చూస్తుంటాను, లోపలికి మాత్రం వెళ్ళరు. "మనల్ని రానిస్తారా అండీ?" అంటారు. రానిస్తారు. లోపలికి వెళ్ళడానికి కార్డు అడగరు. పుస్తకం ఇంటికి తెచ్చుకోవాలంటేనే సభ్యత్వం కావాలి, కూర్చుని చదువుకోవడానికి ఏమీ అక్కర్లేదు. ఏసీ ఉంది, వైఫై ఉంది, ఆ రోజు పేపర్లు ఉంటాయి. వర్క్ పర్మిట్ రంగు చూసి కుర్చీ వేసే చోటు కాదది.

ఇంతవరకు తగ్గించుకోవడం గురించి చెప్పాను. ఇక తగ్గించుకోకూడనిది చెప్పాలి. నా దృష్టిలో ఈ పాఠంలో అసలు భాగం ఇదే.

మన తమ్ముడి లెక్కకే వెళ్దాం. రోజుకు 20, నెలకు 26 రోజులు, అంటే 520 డాలర్ల బేసిక్. గంట రేటు ఎలా కట్టాలో చట్టంలో ఉంది. నెల బేసిక్‌ను 12తో హెచ్చించి, 52ని 44తో హెచ్చించగా వచ్చినదానితో భాగించాలి. 6,240ని 2,288తో భాగిస్తే గంటకు 2 డాలర్ల 73 సెంట్లు. ఓవర్‌టైమ్‌కు దానికి ఒకటిన్నర రెట్లు, 4 డాలర్ల 9 సెంట్లు. నెలకు 60 గంటల ఓవర్‌టైమ్ చేశాడనుకోండి, 245 డాలర్లు రావాలి. ఒకటిన్నర రెట్లు అన్న సంగతి తెలియక మామూలు రేటుకే తీసుకుంటే 164 వస్తుంది. నెలకు 81 డాలర్లు పోయినట్టు. ఏడాదికి వెయ్యికి కాస్త తక్కువ.

ఇందాక రెండిళ్ళ వార్తల ఖర్చూ కలిపితే ఎంత వచ్చింది? 407. ఒక్క సంగతి తెలియకపోవడం దానికి రెండింతల పైన ఖరీదు చేస్తోంది. ఓవర్‌టైమ్ నెలకు 72 గంటలు దాటకూడదన్నది కూడా ఇలాంటి సంగతే. జీతం చీటీ 2016 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. అందులో ఓవర్‌టైమ్ గంటలు, దాని డబ్బు విడిగా రాయాలి. బాకీ జీతం కోసం క్లెయిమ్ పెట్టాలంటే అది రావాల్సిన రోజు నుంచి ఏడాది లోపు పెట్టాలి, ఉద్యోగం మానేసి ఉంటే చివరి రోజు నుంచి ఆరు నెలల లోపే. గడువు దాటాక తెలిస్తే ఏం లాభం?

వార్త ఆలస్యమైతే ఏమవుతుందో చెప్పడానికి ఇటీవలి ఉదాహరణ ఒకటి ఉంది. వర్క్ పర్మిట్ మీద ఇక్కడ గరిష్ఠంగా ఇన్నేళ్ళే పనిచేయాలని పరిమితి ఉండేది. మనలాంటి నిర్మాణ కార్మికులకు నైపుణ్యం స్థాయిని బట్టి 14 ఏళ్ళు లేక 26 ఏళ్ళు. 2025 జులై 1 నుంచి ఆ పరిమితి తీసేశారు. పని చేయగల గరిష్ఠ వయసు కూడా 60 నుంచి 63కి పెరిగింది. మార్చిలోనే పార్లమెంటులో ప్రకటించారు, ఇంగ్లీషు పేపర్లన్నిట్లో వచ్చింది. ఇది తెలియని ఒక పన్నెండేళ్ళ సీనియర్ దగ్గరికి ఎవరో వచ్చి "నీకు ఇంకా రెండేళ్ళే ఉంది, ఇంత ఇస్తే పొడిగిస్తాను" అన్నాడనుకోండి. అతను అప్పు చేసైనా ఇస్తాడు. తెలిసినవాడు నవ్వి ఊరుకుంటాడు. పర్మిట్ రెన్యువల్‌కు కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోవడమే ఇక్కడ నేరం. 30 వేల డాలర్ల దాకా జరిమానా, రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండూ వేయొచ్చు.

అయితే ఇక్కడ మన ఇబ్బంది ఒకటుంది. కార్మికుల కోసం ఇచ్చే నోటీసులు తమిళంలో, బెంగాలీలో తరచుగా కనిపిస్తాయి. తెలుగులో తక్కువ. మనం తమిళం వచ్చిన రూమ్మేట్ మీదో, యూట్యూబ్ మీదో ఆధారపడతాం. యూట్యూబ్‌లో "సింగపూర్‌లో కొత్త రూల్, వెంటనే చూడండి" అని ఎర్ర అక్షరాలతో ఉన్న వీడియో పదకొండు నిమిషాలు చూస్తే, చివరికి చెప్పేది ఎంఓఎం వెబ్‌సైటులో రెండు లైన్లు. పైగా సగం తప్పు. అలాంటిదాన్ని పదిమందికి పంపేముందు ఆగండి. 2019 అక్టోబరు నుంచి ఇక్కడ తప్పుడు సమాచారం మీద పోఫ్మా అనే చట్టం ఉంది. ప్రజలకు హాని చేసే అబద్ధమని తెలిసీ ఒక మనిషి దాన్ని వ్యాపింపజేస్తే 50 వేల డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ళ దాకా జైలు ఉన్నాయి. తెలియక పంపినవాళ్ళ గురించి కాదు ఇది, కానీ "ఫార్వర్డే కదా" అనే అలవాటు మానుకోవాలి.

దీనికి నాకు తోచిన పాత పద్ధతి ఒకటి చెబుతాను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను 1908లో మొదలుపెట్టింది తెలుగునేల మీద కాదు, బతుకుతెరువు కోసం ఊళ్ళు వదిలినవాళ్ళు చేరే బొంబాయిలో. 1914లో బెజవాడలో మొదటి గ్రంథాలయ మహాసభ జరిగింది. ఆ రోజుల్లో చదువు వచ్చినవాళ్ళు తక్కువ. ఒకరు చదివితే మిగతావాళ్ళు చుట్టూ కూర్చుని వినేవాళ్ళు. ఒక్క పేపరు ఖర్చుతో అరుగంతా వార్త తెలుసుకునేది. మీ గదిలో పన్నెండు మంది ఉంటే ఇంగ్లీషు కాస్త వచ్చినవాడు ఒకడైనా ఉంటాడు. శనివారం రాత్రి భోజనాలయ్యాక పావుగంట, ఆ వారం పని గురించి, పర్మిట్ గురించి ఏం వచ్చిందో అతన్ని చదివి చెప్పమనండి. అతనికి ఆ వారం గిన్నెలు కడిగే వంతు తీసేయండి. పన్నెండు మందీ పన్నెండు ఫోన్లలో అదే వీడియో చూసే ఖర్చు కన్నా ఇది చాలా చవక.

గది వైఫైకి కంపెనీ జీతంలో కోసుకుంటోందా? చీటీలో చూడండి. సౌకర్యాల పేరుతో కోత వేయాలంటే మీరు ఒప్పుకుని ఉండాలి, దాని విలువకు మించి కోయకూడదు. మీకు రాని వైఫైకి కోత పడుతుంటే అడగాల్సిందే.

"ఫ్రీ" అన్న మాట విన్నప్పుడు మాత్రం రెండింతలు జాగ్రత్త పడాలి. "అన్నా, నీ పర్మిట్ మీద ఒక సిమ్ తీసివ్వు, నీకు నెల డేటా ఫ్రీ" అని స్టేషన్ దగ్గర ఎవరైనా అడిగితే వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోండి. ఇక్కడ ఒక మనిషి పేరు మీద మూడు ప్రీపెయిడ్ సిమ్‌లే ఇస్తారు. మీ పేరు మీద తీసిన సిమ్‌తో ఎవడో మోసం చేస్తే పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది మీ దగ్గరికే. 2025 జనవరి 1 నుంచి అలా సిమ్ ఇవ్వడం మీద వేరే చట్టమే వచ్చింది, 10 వేల డాలర్ల దాకా జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. తెలుగు చానెళ్ళన్నీ వస్తాయని అమ్మే దొంగ డబ్బాలు కూడా అంతే. వాటిని అమ్మడం 2021 కాపీరైట్ చట్టం ప్రకారం నేరం. ఏ రోజు ఆగిపోతాయో తెలియదు, ఆగితే డబ్బు వెనక్కి ఇచ్చేవాడుండడు. వాట్సాప్‌లో వచ్చిన లింకు మీద నొక్కి యాప్ దింపుకోవడం వీటన్నిటికన్నా ప్రమాదం, బ్యాంకులో ఉన్నదంతా పోతుంది. అనుమానం వస్తే 1799కి ఫోన్ చేసి అడగొచ్చు. మోసాల మీద ఇరవై నాలుగు గంటలూ పలికే నంబరు అది.

ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళకు కొంచెం విడిగా చెప్పాలి. మీ లెక్క వేరు. గదిలో పన్నెండు మంది ఉండరు, తెలుగు మాట వినపడేదే ఫోన్లో. అందుకే మీలో చాలామంది డేటాకు మగవాళ్ళకన్నా ఎక్కువే పెడుతున్నారు. ఇంటి వైఫై అడగడానికి మొహమాటపడుతున్నారు. వైఫై ఇచ్చి తీరాలన్న చట్టం లేదు, కానీ అడగడం తప్పూ కాదు. పనిలో చేరేటప్పుడే, వైఫై పాస్‌వర్డ్ ఇస్తారా, ఫోను ఏ వేళల్లో వాడుకోవచ్చు అని ఒప్పందంలో రాయించుకోండి. ఏజెంటు ఉన్నప్పుడే అడిగితే సులువు. మేడమ్ "రాత్రి పని అయ్యాక వాడుకో" అంటే అది సరైన మాటే. ఫోను పూర్తిగా తీసేసుకుంటే మాత్రం ఊరుకోవద్దు. ఇల్లు, ఊరు, సహాయం చేసేవాళ్ళు, అన్నీ ఆ ఫోన్లోనే ఉన్నాయి.

మీకు తెలియాల్సిన వార్త ఒకటి రెండేళ్ళ పైబడి పాతబడినా, ఇంకా కొందరికి చేరలేదు. 2023 జనవరి 1 నుంచి నెలకు కనీసం ఒక సెలవు రోజు మీకు తప్పక ఇవ్వాలి. దాన్ని డబ్బు ఇచ్చి మార్చుకోవడానికి వీల్లేదు, మీరు ఒప్పుకున్నా కుదరదు. మిగతా వారపు సెలవుల్లో మీ ఇష్టంతో పనిచేస్తే ఒక్కో రోజుకు కనీసం ఒక రోజు జీతం రావాలి. ఆ నెల సెలవు రోజున టాంపినీస్ లైబ్రరీలో రెండు గంటలు కూర్చుంటే డేటా ఖర్చు లేకుండా ఇంటికి వీడియో కాల్ కూడా చేసుకోవచ్చు. మాట మాత్రం బయట కారిడార్‌లో, లోపల చదివేవాళ్ళుంటారు.

ఏదైనా కబురు నిజమో కాదో అడగడానికి నంబర్లు రాసుకోండి. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు సెంటర్ ఫర్ డొమెస్టిక్ ఎంప్లాయీస్, 1800 2255 233. మిగతా కార్మికులు మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్, 6536 2692. ఫోన్లో ఉంచుకోవడంతో సరిపెట్టకుండా కాగితం మీద కూడా రాసి పర్మిట్ వెనక పెట్టుకోండి. ఫోను చేతిలో లేని రోజే ఆ నంబరు అవసరం పడుతుంది.

వచ్చే ఆదివారానికి రెండు కాగితాలు తెండి. ఒకటి, ఈ 28 రోజుల్లో ఫోనుకు పెట్టిందంతా రాసిన చిట్టా, టాప్-అప్‌లు దాచకుండా. రెండు, ఊళ్ళో ఇంటిపన్ను రసీదు ఫోటో, ఇంట్లోవాళ్ళతో తీయించి వాట్సాప్‌లో తెప్పించుకోండి. గ్రంథాలయ సెస్సు గీత ఎక్కడుందో, ఎంత కట్టారో కలిసి వెతుకుదాం.